పిల్లల్లో ఏడీహెచ్‌డీ ఎందుకు వస్తుంది? గోదావరి జిల్లాల అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లాడికి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురులేకపోవడం) అని డాక్టరు చెప్పగానే ఇంట్లో పుట్టే మొదటి ప్రశ్న "ఎందుకొచ్చింది?" రెండోది, పైకి అన్నా అనకపోయినా, "ఎవరి వల్ల?" ఆ రెండో ప్రశ్నకి చాలా ఇళ్ళల్లో తల్లే జవాబు చెప్పుకోవాల్సి వస్తోంది. కాకినాడ నుంచి నరసాపురం దాకా అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి కాబట్టి ఒకచోట చేర్చాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## అనుమానం మొదలైనప్పుడు

మా వాడు ఒక్క క్షణం కుదురుగా కూర్చోడండి. ఇది అల్లరా, జబ్బా?

అల్లరి ఒకచోట ఉంటుంది, ఇంకోచోట ఉండదు. అమ్మమ్మగారింట్లో ఎగిరే పిల్లాడు బడిలో బుద్ధిగా ఉన్నాడంటే అది అల్లరే. ఏడీహెచ్‌డీ అనాలంటే కొన్ని షరతులున్నాయి. ధ్యాస నిలవకపోవడానికి 9 లక్షణాలు, కుదురులేనితనానికి 9 లక్షణాలు రాసి పెట్టారు. ఏదో ఒక వరసలో కనీసం 6 ఉండాలి. అవి 6 నెలలకు పైగా సాగాలి. 12 ఏళ్ళ లోపే కనిపించి ఉండాలి. ఇల్లు, బడి, ట్యూషన్ లాంటి చోట్లలో కనీసం రెండింట ఉండాలి. చదువుకో స్నేహాలకో నిజంగా అడ్డుపడుతుండాలి. ఇవన్నీ కలిస్తేనే ఆ పేరు పెడతారు.

అసలు కారణం ఏంటో ఒక్క ముక్కలో చెప్పరూ.

మెదడు ఎదిగే తీరులో చాలావరకు పుట్టుకతో వచ్చిన తేడా. ఆ తేడాలో ఎక్కువ వాటా వంశం నుంచి వస్తుంది. కొంత వాటా గర్భంలోనూ పుట్టిన కొత్తలోనూ మెదడుకు తగిలిన దెబ్బల నుంచి వస్తుంది. పెంపకం వల్ల ఇది పుట్టదు.

మెదడులో ఏం తేడా ఉంటుంది?

నుదుటి వెనక ఉండే మెదడు భాగం "ఆగు, ఆలోచించు, ఇది ముందు, అది తర్వాత" అని సర్దిచెబుతుంది. 2007లో అమెరికాలో పిల్లల మెదళ్ళను ఏళ్ళ తరబడి స్కాన్ చేసి చూశారు. మెదడు పైపొర మందం పతాక స్థాయికి చేరడం మామూలు పిల్లల్లో సగటున ఏడున్నర ఏళ్ళకి జరిగితే, ఏడీహెచ్‌డీ పిల్లల్లో పదిన్నరకి జరిగింది. క్రమం అదే, మూడేళ్ళు ఆలస్యం.

ఇంకోటి మెదడులో సందేశాలు మోసే డోపమైన్, నారెడ్రినలిన్ అనే రసాయనాల సంగతి. మన కాలవల లెక్కలో చెప్పాలంటే కాలవ నిండా నీళ్ళున్నాయి, కానీ తూము తలుపు వేళకి ఎత్తడం లేదు. చేను ఎండుతోందంటే నీళ్ళు లేవని కాదు. తెలివితేటలకీ దీనికీ సంబంధం లేదని అందుకే అంటారు.

ఫోన్‌లో గేమ్ అయితే రెండు గంటలు ఆడతాడు. మరి ధ్యాస లేదంటారేంటి?

ధ్యాస లేకపోవడం కాదు, కావలసినచోట పెట్టలేకపోవడం. గేమ్ క్షణానికో బహుమతి ఇస్తుంది, శబ్దం చేస్తుంది, రంగు మారుస్తుంది. ఎక్కాల పుస్తకం అలా చెయ్యదు. వెంటనే ఫలితం దొరికే పనికి ఈ పిల్లల మెదడు బాగానే అతుక్కుంటుంది. ఫలితం రేపో ఎల్లుండో వచ్చే పని దగ్గరే చేతులెత్తేస్తుంది. కాబట్టి "ఇష్టమైతే చేస్తాడు, పొగరు" అనే మాట తప్పు.

మా రోజుల్లో ఇవేమీ లేవు. కొత్తగా పుట్టుకొచ్చిన రోగమా?

పేరు కొత్తది. లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు ఇలాంటి పిల్లల గురించి 1902లోనే ఉపన్యాసాలిచ్చారు. ఏడీహెచ్‌డీ అన్న పేరు 1987లో స్థిరపడింది. మన ఊళ్ళలో అలాంటి పిల్లాడు ఐదో తరగతితో బడి మానేసి పడవ మీదో పొలంలోనో పనికి వెళ్ళిపోయేవాడు. కదులుతూ చేసే పనిలో లోపం కనపడేది కాదు. ఇప్పుడు అదే పిల్లాణ్ణి పొద్దున్నుంచి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చోబెడుతున్నాం.

## వంశం, సంబంధాలు

మా ఇంట్లో ఎవరికీ లేదు. వంశపారంపర్యం అంటే ఎలా నమ్మడం?

కవలల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, పిల్లలకీ పిల్లలకీ మధ్య ఈ విషయంలో కనపడే తేడాల్లో సుమారు 74 శాతం జన్యువుల ఖాతాలోకి వెళ్తుంది. ఎత్తు కూడా దాదాపు ఇలాగే వంశం మీద ఆధారపడుతుంది. అంటే మీ పిల్లాడికి వచ్చే అవకాశం 74 శాతం అని కాదు. ఈ లెక్కను అలా అర్థం చేసుకుని భయపడేవాళ్ళు చాలామంది.

ఒక్క జన్యువు కాదిది. 2023లో వచ్చిన పెద్ద అధ్యయనం జన్యుపటంలో 27 చోట్లు గుర్తించింది. ఒక్కోదాని ప్రభావం ఆవగింజంత. ఇంకా వందల, వేల ఆవగింజలున్నాయి. తల్లి వైపు కొన్ని, తండ్రి వైపు కొన్ని కలిసి పిల్లాడిలో కుప్ప పడవచ్చు, ఇద్దరిలో ఎవరికీ లక్షణాలు లేకుండానే.

"ఎవరికీ లేదు" అనేముందు ఒకసారి వెనక్కి చూడండి. ఏ పనీ పూర్తి చెయ్యని బాబాయి, తాళాలు రోజూ పోగొట్టుకునే నాన్న, మాట మధ్యలో దూరిపోయే మేనత్త. వాళ్ళ కాలంలో దానికి పేరు పెట్టలేదు, అంతే.

మాది మేనరికం. అందుకే ఇలా పుట్టాడంటున్నారు, నిజమేనా?

మేనరికం వల్ల పెరిగే ముప్పు వేరే రకం. తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ ఒకే లోపం వస్తే తప్ప బయటపడని జబ్బులు మేనరికంలో ఎక్కువ. పుట్టు చెవుడు, కొన్ని రకాల బుద్ధిమాంద్యం అందులోవి. ఏడీహెచ్‌డీ ఆ పద్ధతిలో రాదు. కానీ వినపడని పిల్లాడు, ఎదుగుదల వెనకబడ్డ పిల్లాడు కూడా ధ్యాసలేనివాడిలాగే కనపడతాడు. అందుకని మీ సంబంధం మేనరికమైతే ఆ సంగతి డాక్టరుకి మొదటిరోజే చెప్పండి. వినికిడి పరీక్ష, తెలివితేటల పరీక్ష ముందు చేయిస్తారు.

## కడుపులో ఉన్నప్పుడు

ఐదో నెలలో గ్రహణం నాడు బయటికి వచ్చాను. దానివల్లేనా?

కాదమ్మా. గ్రహణానికీ బిడ్డ మెదడుకీ ఏ సంబంధమూ లేదు. ఈ బరువు ఇవాళే దించేయండి.

జ్వరానికి పారాసెటమాల్ వేసుకున్నాను.

ఈ అనుమానం కొన్ని అధ్యయనాల వల్లే వచ్చింది. మాత్ర వేసుకున్న తల్లుల పిల్లల్లో ఏడీహెచ్‌డీ కొంచెం ఎక్కువ కనపడింది. అయితే 2024లో స్వీడన్‌లో సుమారు 25 లక్షల మంది పిల్లల వివరాలు తీసుకుని, ఒకే తల్లి బిడ్డల్లో మాత్ర వేసుకున్న కాన్పునీ వేసుకోని కాన్పునీ పోల్చి చూస్తే ఆ తేడా మాయమైంది. గర్భిణికి ఎక్కువ జ్వరాన్ని అలాగే వదిలేయడమే బిడ్డకు ప్రమాదం. డాక్టరు చెప్పిన మోతాదులో, అవసరమైనన్ని రోజులే వాడితే చాలు.

చేలో పురుగుమందు కొట్టేటప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. ప్రభావం ఉంటుందా?

ఈ ప్రశ్న మన డెల్టాలో అందరూ అడగాల్సింది. ఆర్గానోఫాస్ఫేట్ అనే రకం పురుగుమందులు నరాల మీద పనిచేసే విషాలు. కాలిఫోర్నియాలో వ్యవసాయ కూలీలైన తల్లుల్ని గర్భం నుంచీ వెంటాడి చూస్తే, ఆ మందుల ఆనవాళ్ళు మూత్రంలో ఎక్కువ ఉన్నవాళ్ళ పిల్లల్లో ఐదేళ్ళ వయసుకి ధ్యాస సమస్యలు ఎక్కువ కనపడ్డాయి. అదే కారణమని ముద్ర వేయడానికి ఇది చాలదు. జాగ్రత్త పడడానికి మాత్రం చాలు.

పిచికారీ రోజున గర్భిణి, చంటిపిల్లలు చేలోకి వెళ్ళకూడదు. మందు డబ్బా మీద మళ్ళీ చేలోకి ఎప్పుడు దిగవచ్చో రాసి ఉంటుంది, అప్పటిదాకా కలుపుతీతకి దిగకూడదు. మందు కొట్టొచ్చిన మనిషి బట్టలు ఇంటి బట్టల్లో కలపకుండా విడిగా ఉతకాలి, బిడ్డని ఎత్తుకునేముందు సబ్బుతో స్నానం చేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఖాళీ డబ్బాల్ని కడిగి నీళ్ళకీ నూనెకీ వాడకండి. ఎన్నిసార్లు కడిగినా ప్లాస్టిక్ పీల్చుకున్న మందు పూర్తిగా పోదు. డబ్బాకి కన్నం పెట్టి పనికిరాకుండా చేసేయండి.

చుట్ట, కల్లు కొంచెమైతే ఏం కాదంటారు పెద్దవాళ్ళు.

కల్లు అయినా బ్రాందీ అయినా లోపలున్నది ఆల్కహాలే. గర్భంలో బిడ్డ మెదడుని అది నేరుగా దెబ్బతీస్తుంది, ధ్యాస లోపం ఆ దెబ్బల్లో ఒకటి. ఇంత వరకు పర్వాలేదనే కొలత లేదు. చుట్ట, ఖైనీల వల్ల బిడ్డ బరువు తగ్గుతుంది, నెలలు నిండకుండా కాన్పు జరగవచ్చు. ఆ రెండూ ఏడీహెచ్‌డీ ముప్పుని పెంచేవే. ఇంట్లో మగవాళ్ళు తాగే పొగ కూడా గర్భిణి ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది.

నాకు ఫిట్స్ ఉన్నాయి, మందు వాడుతూనే కన్నాను.

మందు పేరు చూడండి. వాల్‌ప్రోయేట్ గర్భంలో వాడితే బిడ్డకి అవయవ లోపాలతో పాటు ఏడీహెచ్‌డీ ముప్పు కూడా పెరుగుతుందని డెన్మార్క్ లెక్కలు చూపించాయి. ఆ లెక్కల్లో మిగతా మందులకి ఇంత ముప్పు కనపడలేదు. ఇంకో బిడ్డ కావాలనుకుంటే గర్భం రాకముందే న్యూరాలజిస్టుని (నరాల డాక్టరుని) కలిసి మందు మార్పించుకోండి. సొంతంగా ఆపేస్తే మాత్రం ఫిట్స్ తిరగబెట్టి తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాపాయం.

చేపలు తినొచ్చా? బాలింతకి సొర పెడతాం కదా.

చేపలు తినడం మంచిదే. నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు వారానికి రెండు మూడుసార్లు తినండి, మెదడుకి కావలసిన కొవ్వు వాటిలో ఉంటుంది. సొర సంగతి వేరు. పెద్ద చేపలు చిన్న చేపల్ని తిని ఏళ్ళ తరబడి పాదరసాన్ని ఒంట్లో పోగేసుకుంటాయి. ఏడీహెచ్‌డీకి పాదరసమే కారణమని తేలలేదు గాని, ఎదిగే మెదడుకి అది విషమని తేలింది. గర్భిణికీ పాలిచ్చే తల్లికీ సొర బదులు పైన పేర్లు రాసిన చిన్న చేపలు పెట్టండి.

## పుట్టినప్పుడు, మొదటి మూడేళ్ళు

నెలలు నిండకుండా పుట్టాడు. అదే కారణమా?

కారణాల్లో ఒకటి కావచ్చు. గర్భంలో చివరి వారాలు మెదడుకి చాలా విలువైనవి. 32 వారాల లోపు పుట్టినా, కిలోన్నర లోపు బరువుతో పుట్టినా, ఏడీహెచ్‌డీ ముప్పు మామూలు పిల్లల కంటే రెండు మూడింతలు ఉంటుంది. అయినా అలా పుట్టినవాళ్ళలో ఎక్కువమందికి రాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ముహూర్తం చూసి సిజేరియన్ చేయించే అలవాటు మన జిల్లాల్లో బాగా ఉంది. వైద్యపరమైన అవసరం లేకుండా 39 వారాలు నిండకముందు కోత పెట్టించకండి. నక్షత్రం కోసం రెండు వారాలు ముందుకు జరిపితే ఆ రెండు వారాలూ బిడ్డ మెదడు ఎదుగుదల నుంచి కోసినట్టే. కోత దానంతట అది ఏడీహెచ్‌డీ తెస్తుందని మాత్రం భయపడక్కర్లేదు.

పుట్టగానే ఏడవలేదు, అద్దాల పెట్టెలో పెట్టారు.

ప్రాణవాయువు అందక మెదడు దెబ్బతింటే తర్వాత ధ్యాస సమస్యలు రావచ్చు. ఎంతసేపు ఏడవలేదు, ఆ తర్వాత ఫిట్స్ వచ్చాయా, ఎన్ని రోజులు పెట్టెలో ఉంచారు అన్నవి డిశ్చార్జి కాగితంలో ఉంటాయి. ఆ కాగితం వెతికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మాటల్లో చెప్పే గుర్తుల కన్నా ఆ ఒక్క కాగితం విలువ ఎక్కువ.

చిన్నప్పుడు వస ఎక్కువ పోశాం. అందుకే ఆగకుండా వాగుతాడా?

ఆగకుండా మాట్లాడే పిల్లల్ని వసపిట్ట అనడం మన వాడుక. వసకొమ్ము వల్ల ఏడీహెచ్‌డీ రాదు. కానీ చంటిపిల్లలకి వస పట్టడం మంచిది కాదు. వాంతులు పట్టుకోవచ్చు, సానరాయి మీది మురికి కడుపులోకి పోవచ్చు. అందులో ఉండే ఒక పదార్థం జంతువుల్లో క్యాన్సర్ తెచ్చిందని అమెరికాలో 1968 నుంచి ఆహారంలో వాడకం నిషేధించారు.

టీకాల వల్ల వస్తుందా?

రాదు. టీకా మానేస్తే తట్టు వచ్చి, అది మెదడుకి పాకే ప్రమాదం ఉంది.

అన్నం తినాలంటే ఫోన్ పెట్టాల్సిందే. ఫోనే తెచ్చిందా ఈ జబ్బు?

ఫోన్ ఎక్కువ చూసే పిల్లల్లో ధ్యాస లోపం లక్షణాలు ఎక్కువ కనపడుతున్నాయి, నిజమే. ఏది ముందు అన్నదే చిక్కు. కుదురులేని పిల్లాణ్ణి ఆపడానికి ఇంట్లోవాళ్ళు ఫోన్ ఎక్కువ ఇస్తారు కూడా. జబ్బుకి మూలం ఫోన్ అని చెప్పలేం. ఉన్న లక్షణాలను అది పెంచుతుంది, నిద్రని తింటుంది, మాటలు రావడాన్ని ఆలస్యం చేస్తుంది. రెండేళ్ళ లోపు పిల్లలకి ఫోన్ అసలు ఇవ్వకండి. రెండు నుంచి ఐదేళ్ళ దాకా రోజుకి గంట మించకూడదు. ఒక నెల పూర్తిగా ఆపి చూడండి. లక్షణాలు బాగా తగ్గితే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

## బడి వయసు

గారాబం చేసి చెడగొట్టావని అత్తగారు అంటున్నారు. కొట్టకపోవడం వల్లేనా?

కాదు. కొట్టి పెంచిన ఇళ్ళలోనూ, గారాబంగా పెంచిన ఇళ్ళలోనూ ఏడీహెచ్‌డీ ఉంది. ప్రవర్తన చూసి మనం గట్టిగా అరుస్తాం, అరుపు విని పిల్లాడు ఇంకా చెదిరిపోతాడు, దాంతో మనం ఇంకా అరుస్తాం. బయటివాళ్ళకి ఆ అరుపు మాత్రమే కనపడి పెంపకం తప్పంటారు. దెబ్బలు ఆ పిల్లాడికి ధ్యాస నేర్పవు, దాచిపెట్టడం నేర్పుతాయి. అత్తగారిని కూడా ఒకసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఇదే మాట డాక్టరు నోటి నుంచి వింటే ఆవిడ మనసు మారవచ్చు.

వాళ్ళమ్మ కువైట్‌లో పనిచేస్తోంది, నేను అమ్మమ్మని. అమ్మ లేక ఇలా అయ్యాడా?

కోనసీమలో ఈ ప్రశ్న అడిగే అమ్మమ్మలు చాలామంది. అమ్మ దూరమైనంత మాత్రాన ఏడీహెచ్‌డీ పుట్టదు. కానీ దిగులు కూడా పిల్లల్లో కుదురులేనితనంగానే బయటపడుతుంది. తేడా తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: తల్లి వెళ్ళకముందు ఎలా ఉండేవాడు? మూడేళ్ళప్పటి నుంచీ ఇంతే అయితే ఏడీహెచ్‌డీ వైపు చూడాలి. వెళ్ళిన కొన్ని నెలల్లో మొదలైతే, రాత్రుళ్ళు పక్క తడపడం, తిండి మానడం, ఉలిక్కిపడడం తోడైతే, అది దిగులు. ఆ వైద్యం వేరు. వీడియో కాల్ రోజూ ఒకే వేళకి పెట్టుకోండి. ఎప్పుడొస్తుందో తెలియని ఫోన్ కోసం ఎదురుచూసే పిల్లాడికి పుస్తకం మీద ధ్యాస ఎక్కడుంటుంది?

2022 వరదలో గోదావరి లంకలో మా ఇల్లు మునిగింది. అప్పటి నుంచీ మారిపోయాడు.

"అప్పటి నుంచీ" అన్నదే ముఖ్యం. పెద్ద భయం తర్వాత మొదలైన లక్షణాలను ముందు భయం వైపు నుంచే చూడాలి. వాన మబ్బు పట్టినా, గోదారి ఎర్రనీళ్ళు వచ్చినా కంగారు పడుతున్నాడా, మీ కొంగు వదలడం లేదా, పీడకలలు వస్తున్నాయా గమనించి డాక్టరుకి చెప్పండి. ఏడీహెచ్‌డీకి ఇలా తేదీ ఉండదు.

కాజాలు, పూతరేకులు తిన్నాక ఎగిరిపడతాడు. తీపి వల్లా?

తీపి వల్ల కాదు. పంచదార ఇచ్చిన పిల్లల్నీ, పంచదార లేని తీపి ఇచ్చిన పిల్లల్నీ, ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా పోల్చిన అధ్యయనాలను 1995లో కలిపి చూస్తే ప్రవర్తనలో తేడా లేదు. తాపేశ్వరం కాజా ఇంటికొచ్చేది పెళ్ళికో పండక్కో. చుట్టాలు, సందడి, నిద్ర తక్కువ. ఎగిరేది వాటి వల్ల. పళ్ళ కోసం, బరువు కోసం తీపి తగ్గించండి.

తీర్థంలో (జాతరలో) అమ్మే రంగు మిఠాయిలు, కూల్‌డ్రింకులు?

ఇక్కడ కొంచెం నిజముంది. 2007లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో జరిగిన పరీక్షలో కొన్ని కృత్రిమ రంగులు, నిల్వ కోసం వాడే సోడియం బెంజోయేట్ కలిపిన పానీయం తాగిన పిల్లల్లో కుదురులేనితనం కాస్త పెరిగింది. వాళ్ళు మామూలు పిల్లలే. ప్రభావం చిన్నది, అందరికీ ఉండదు. ప్యాకెట్ మీద ఆ రంగుల గుర్తు అంకెలు 102, 110, 122, 124, 129 ఉన్నాయేమో చూడండి. అవి ఉన్నవి రెండు వారాలు మాని, తేడా రాసుకోండి. తేడా లేకపోతే ఆ దారి వదిలేయండి.

సీసం అంటే ఏంటి? మా ఇంట్లో అదెందుకుంటుంది?

సీసం (లెడ్) ఒక లోహం, పిల్లల ధ్యాసని తగ్గించే విషాల్లో గట్టి రుజువున్నది దీనికే. ఇంత ఉంటే పర్వాలేదనే స్థాయి లేదు. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పెట్రోలులో సీసం 2000లో ఆగింది. రంగుల్లో 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) పరిమితి 2017 నవంబరు నుంచి అమలైంది. అంటే అంతకు ముందు వేసిన తలుపులు, కిటికీలు, ఉయ్యాలల రంగు రాలుతుంటే అనుమానించాలి.

మన వైపు వెతకాల్సిన చోట్లు ఇంకా ఉన్నాయి. వలకి కట్టే సీసపు గుళ్ళు ఇంట్లో కరిగించి పోస్తే ఆ పొగ, ఆ బూడిద పిల్లల ఊపిరిలోకీ చేతుల్లోకీ వెళ్తాయి. ఆ పని పిల్లలు తిరగని చోట, బయట జరగాలి. పాత బ్యాటరీలు విప్పే దుకాణం పక్క ఇల్లు అయినా అంతే. ఇత్తడి గిన్నెల కళాయిలో తగరంతో పాటు సీసం కలిపేవాళ్ళున్నారు, అలాంటి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే అది కూరలోకి దిగుతుంది. విడిగా అమ్మే పసుపుపొడి మరీ మెరిసిపోతుంటే అందులో సీసం ఉన్న రంగు కలిసి ఉండవచ్చు. కొమ్ములు కొని ఆడించుకోండి. ఇంట్లో ఆముదపు దీపం మసితో పట్టిన కాటుకలో సీసం ఉండదు, కొనే సుర్మాలో ఉండవచ్చు.

మట్టి, సున్నం, రంగు పెచ్చులు నోట్లో పెట్టుకునే పిల్లాడికి సీసం పరీక్ష తప్పక అడగండి. రక్తం నరం నుంచి తీయాలి, వేలికొసన తీస్తే చర్మం మీది దుమ్ము కలిసి తప్పుడు లెక్క రావచ్చు.

క్లాసులో అందరికన్నా చిన్నవాడు. టీచరేమో ధ్యాస లేదంటోంది.

ముందు పుట్టినరోజు చూడండి. అమెరికాలో సెప్టెంబరు 1 లోపు వయసు నిండితే చేర్చుకునే రాష్ట్రాల్లో, ఆగస్టులో పుట్టి క్లాసులో చిన్నవాళ్ళుగా చేరిన పిల్లలకి ఏడీహెచ్‌డీ ముద్ర సెప్టెంబరులో పుట్టినవాళ్ళ కంటే 34 శాతం ఎక్కువ పడిందని 2018లో తేలింది. జబ్బు కాదది, పదకొండు నెలల చిన్నతనం. రెండున్నరేళ్ళకే నర్సరీలో వేసి, ఐదేళ్ళకి ఒకటో తరగతి ఎక్కిస్తే ఏ పిల్లాడైనా దిక్కులు చూస్తాడు. ఒక ఏడాది అదే తరగతిలో ఉంచితే నామోషీ ఏమీ లేదు.

మా అమ్మాయి అల్లరి చెయ్యదు, కలలు కంటూ కూర్చుంటుంది. ఇదీ అదేనా?

కావచ్చు. కుదురులేనితనం లేకుండా ధ్యాస లోపం ఒక్కటే ఉండే రకం, ఏడీహెచ్‌డీ ఉన్న ఆడపిల్లల్లో ఎక్కువ. ఎవరినీ ఇబ్బంది పెట్టరు కాబట్టి ఏళ్ళ తరబడి ఎవరి కంటా పడరు. పరీక్షలో చివరి ప్రశ్న రాయకపోవడం, సగం లెక్క తప్పుగా ఎక్కించుకోవడం, చెప్పిన మూడు పనుల్లో ఒకటే గుర్తుండడం గుర్తులు.

## డాక్టరు దగ్గర

ఏడీహెచ్‌డీ కాకుండా ఇంకేమైనా అయి ఉండొచ్చా?

అయి ఉండవచ్చు, అందుకే పేరు పెట్టేముందు ఇవి చూడాలి. నయమయ్యే కారణాన్ని వదిలేసి ఏళ్ళు పోగొట్టుకోవడం కన్నా నష్టం లేదు.

చెవి: కాలవ ఈతలతో చెవిలో చీము వచ్చిపోయే పిల్లలకి వినికిడి తగ్గి, పిలిస్తే పలకరు. ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష) చేయించండి. కన్ను: బోర్డు కనపడని పిల్లాడు పక్కవాడితో మాట్లాడతాడు.

నిద్ర: నోరు తెరిచి, గురక పెట్టి పడుకునే పిల్లాడికి ముక్కు వెనక గ్రంథులు వాచి ఉండవచ్చు. రాత్రి సరిగా నిద్రపట్టని పెద్దవాళ్ళు పగలు తూగుతారు, పిల్లలు మాత్రం గెంతుతారు. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి రోజుకి 9 గంటలకు తగ్గకుండా నిద్ర కావాలి.

కనపడని ఫిట్స్: మాట మధ్యలో 5 నుంచి 15 సెకన్లు శూన్యంలోకి చూసి, ఏమీ జరగనట్టు మళ్ళీ కొనసాగిస్తాడు. రోజుకి పదుల సార్లు జరగవచ్చు. పిలిచినా తాకినా ఆ కాసేపు పలకడు. వీడియో తీయండి, ఈఈజీలో (మెదడు విద్యుత్ తరంగాల పరీక్షలో) స్పష్టంగా తెలుస్తుంది, మందుతో తగ్గుతుంది.

థైరాయిడ్, రక్తహీనత, చదవడంలోనే లోపం, దిగులు కూడా ఈ వరసలోవే. ఇవి ఏడీహెచ్‌డీతో కలిసి కూడా ఉండవచ్చు.

రక్తం తక్కువగా ఉందన్నారు. ధ్యాసకీ దానికీ సంబంధమేంటి?

డోపమైన్ తయారవడానికి ఇనుము కావాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తంలో ఆరు నెలలు దాటిన ఐదేళ్ళ లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది, కాబట్టి మన పిల్లాడికి లేదని ముందే అనుకోకూడదు. 5 నుంచి 11 ఏళ్ళ పిల్లలకి హిమోగ్లోబిన్ 11.5 దాటాలి. హిమోగ్లోబిన్ బాగున్నా ఒంట్లో ఇనుము నిల్వలు ఖాళీ అయి ఉండవచ్చు, ఫెరిటిన్ పరీక్ష కూడా అడగండి. బడిలో వారానికోసారి ఇచ్చే గులాబీ ఐరన్ మాత్ర, ఫిబ్రవరి, ఆగస్టుల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర మానిపించకండి. ఐరన్ వేసుకున్న గంటలోపు పాలు, టీ ఇవ్వద్దు, జామకాయో నిమ్మరసమో ఇవ్వండి.

ఎమ్మారై, బ్రెయిన్ మ్యాపింగ్, జీన్ టెస్ట్ చేయించమంటున్నారు.

ఏడీహెచ్‌డీని తేల్చే స్కాన్ గాని రక్తపరీక్ష గాని లేదు. ఫిట్స్, తలకి దెబ్బ, ఒకవైపు బలహీనత లాంటివి ఉంటేనే ఎమ్మారై. తల్లిదండ్రులు, టీచరు విడివిడిగా నింపే ప్రశ్నపత్రాలు, పిల్లాణ్ణి చూడడం, పుట్టుక వివరాలు, వీటితోనే నిర్ధారణ జరుగుతుంది. ఆ పరీక్షల ప్యాకేజీకి పెట్టే డబ్బు ప్రవర్తన శిక్షణకి దాచుకోండి.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఏం తీసుకెళ్ళాలి?

పిల్లల డాక్టరుతో మొదలుపెట్టి, సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు దాకా. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగం రెండూ ఉన్నాయి. ఆర్బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) అనే ప్రభుత్వ పథకం కింద బడికి, అంగన్‌వాడీకి వచ్చే బృందం చూసే సమస్యల్లో ఏడీహెచ్‌డీ కూడా ఉంది, 18 ఏళ్ళ దాకా ఉచితం. ఎటు పోవాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

పట్టుకెళ్ళాల్సినవి: డిశ్చార్జి కాగితం, గత రెండేళ్ళ ప్రోగ్రెస్ కార్డులు, నోటు పుస్తకాలు రెండు, క్లాస్ టీచరు రాసిన ఒక పేజీ, రెండు వారాల నిద్ర వేళల పట్టీ.

## కారణం కొంత తెలిశాక

పుట్టుకతో వచ్చిందైతే మందు ఏం చేస్తుంది?

మూలాన్ని మార్చదు. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు లోపలున్నంత సేపు డోపమైన్‌ని నరాల సందుల్లో ఎక్కువసేపు నిలుపుతుంది. పది మందిలో సుమారు ఏడుగురికి ఫలితం కనపడుతుంది. ఆకలి, నిద్ర తగ్గవచ్చు, కాబట్టి మాత్రకి ముందే టిఫిన్ పెట్టండి. బరువు, ఎత్తు, నాడి, బీపీ డాక్టరు చూస్తూ ఉండాలి. ఆరేళ్ళ లోపు పిల్లలకి మందు కన్నా ముందు తల్లిదండ్రులకి శిక్షణ.

రెండో బిడ్డకీ వస్తుందా? ఇప్పుడు మూడో నెల.

మామూలుగా నూటికి 5 మంది పిల్లల్లో ఉండేది, అన్నకో అక్కకో ఉన్న ఇంట్లో అంతకన్నా కొన్ని రెట్లు ఎక్కువ. అయినా రాకుండా ఉండే అవకాశమే ఎక్కువ. జన్యువుల్ని మార్చలేం. ఈ ఆరు నెలల్లో మీ చేతిలో ఉన్నవి ఇవి: ఐరన్ మాత్రలు మానకండి, హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) ఎంతో అడిగి తెలుసుకోండి, ఇంట్లో పొగ ఆపించండి, మందు కొట్టిన చేలోకి వెళ్ళకండి, కాన్పు తేదీని ముహూర్తానికి ముందుకి లాగనివ్వకండి. పుట్టాక వినికిడి, థైరాయిడ్ పరీక్షలు మొదటి వారంలోనే అడగండి. పెద్దవాడికి పట్టినన్ని ఏళ్ళు ఈసారి పట్టకుండా, మూడేళ్ళు నిండినప్పుడు ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించండి.